పులుసు కుండ కాడ అవ్వ చెప్పిన సాక్ష్యం

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం నాడు అనంతపురంలో ఎరుకల, సుగాలి, యానాది విద్యార్థుల ముందు మాట్లాడిన మాటలు. చదవడానికి వీలుగా అక్కడక్కడా సరిచేశాం.)



పొద్దున్నుంచీ పెద్ద పెద్ద మాటలు విన్నారు. రాజ్యాంగం, రిజర్వేషన్లు, ఐదో షెడ్యూలు. ఇప్పుడు అన్నాల టైమైంది. మీ మొహాలు చూస్తే తెలుస్తాంది. అందుకని నేను చేపల పులుసు గురించి మాట్లాడతా. నవ్వండి, ఫర్వాలేదు. కానీ నా మాటయ్యేసరికి మీరంతా ఇంటికి పోయి మీ అవ్వ దగ్గర ఒక పని చేయించుకోవాల. అది పులుసు ఒక్కటే కాదు.

మనం ఊరేగింపులో ఏం అరుస్తాం? జల్, జంగల్, జమీన్. కొమురం భీం ఇచ్చిన మాట. అందులో మొదటిది జల్. మీటింగుల్లో మాత్రం జమీన్ గురించి గంట, జంగల్ గురించి అరగంట మాట్లాడతాం. జల్ దగ్గరికొచ్చేసరికి ట్యాంకరొచ్చిందా, బోరు పడిందా, అంతే. నీళ్ళల్లో చేప ఉంటుంది, ఆ చేప మీద కూడా హక్కుంటుంది అని మనకు తోచదు.

కరువు జిల్లాలో చేపేందక్కా అని అడుగుతారు. నిజమే. మన దగ్గర ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. కానీ కరువు సీమ కాబట్టే ఇక్కడ చెరువులు, కుంటలు ఎక్కువ. పడిన చుక్కను పట్టి నిలుపుకోకపోతే బతుకు లేదు. బుక్కపట్నం చెరువు, ధర్మవరం చెరువు, శింగనమల చెరువు ఒక్కొక్కటీ సముద్రం మాదిరి ఉంటాయి, నిండితే. కొండల సందుల్లో పేరు లేని కుంటలు ఇంకెన్నో. ఆ కుంటల్లో ఏ చేప బతుకుతుందో తెలుసా? కొర్రమీను. మార్పు. ఇంగిలీకం. ఇవి నీళ్ళల్లోని గాలి ఒక్కదాని మీదే ఆధారపడవు, పైకొచ్చి మన మాదిరి గాలి పీల్చుకుంటాయి. నీళ్ళింకిపోయినా తడి బురదలో దూరి కొన్నాళ్ళు ఓర్చుకుంటాయి. వానొస్తే మళ్ళీ లేస్తాయి. కరువు చేపలంటే అవే.

మేం ఎరుకలోళ్ళం. మా ఊరు కదిరి దిక్కు, కొండ కింద. మా అవ్వ ఈతబరికెలతో గంపలు అల్లేది. వెదురు దొరికితే ఊతలు కూడా అల్లేది. ఊతంటే ఈ కాలం పిల్లలకు తెలీదేమో. పైనా కిందా తెరిచి ఉండే గంప. మోకాలు లోతు నీళ్ళల్లో దభీమని గుచ్చి, పైనున్న కంతలో చెయ్యి పెట్టి చేపను పట్టుకోవాల. వల కొనే డబ్బుల్లేనోళ్ళ వల అది. ఆరుద్ర కార్తెలో వాన కురిసి, కొండమీది కుంట పారితే, అవ్వ ఊత భుజానేసుకొని పోయేది. వెనక మేం పిల్లలం.

పులుసు ఎట్ల చేసేదో చెప్తా. రాసుకోండి, కిలో చేపకు లెక్క చెప్తా.

చేపను బండమీద రుద్ది పొలుసు తీయాల. కొర్రమీనుకు జిగురెక్కువ, చేతిలో నిలవదు. దానికి కట్టెల పొయ్యి బూడిద పూసి రుద్దితే జిగురంతా పోతుంది. ముక్కలు కోసి, ఉప్పు, పసుపు, కొంచెం చింతపండు రసం పట్టించి అరగంట పక్కన పెట్టాల. ఎందుకు? కుంట చేపకు మన్ను వాసన ఉంటుంది. నేను డిగ్రీలో చదువుకున్నాక తెలిసింది, దాని పేరు జియోస్మిన్. మట్టిలో, నీళ్ళల్లో ఉండే కంటికి కనపడని జీవులు దాన్ని తయారుచేస్తాయి. తొలకరి వాన పడగానే నేల నుంచి లేచే కమ్మని వాసన ఉందే, అదీ ఇదే. నేలమీద అయితే కమ్మగా, చేపలో అయితే నీచుగా అనిపిస్తుంది. పులుపు తగిలితే ఆ పదార్థం విరిగిపోతుంది. మా అవ్వ బడికి పోలేదు. కానీ చింతపండు రసం పట్టించకుండా ఏనాడూ పొయ్యి మీద పెట్టలేదు.

అరగంటలో మసాలా వేయించుకోవాల. ధనియాలు రెండు స్పూన్లు, జీలకర్ర ఒక స్పూను, మెంతులు పావు స్పూను, ఏడెనిమిది ఎండుమిరపకాయలు, చిన్న ముక్క ఎండుకొబ్బరి. మెంతులు మాడితే పులుసంతా చేదు, కనిపెట్టుకొని ఉండాల. దాంట్లో పది తెల్లగడ్డ పాయలేసి మెత్తగా నూరుకోవాల. పెద్ద నిమ్మకాయంత చింతపండు నానబెట్టి రసం తీసుకోవాల. మట్టికుండలో శెనిక్కాయ నూనె, ధారాళంగా. మన జిల్లా పంట, నూనె దగ్గర పిసినారితనం వద్దు. ఆవాలు, కరేపాకు, రెండు ఎర్రగడ్డలు, రెండు టమాటాలు మగ్గాక, నూరిన ముద్ద వేసి నూనె తేలేదాకా వేయించాల. అప్పుడు చింతపండు రసం, ఉప్పు, నీళ్ళు. ఇది బాగా మరిగి చిక్కబడినాకే చేప ముక్కలు. ముందే వేస్తే ముక్క చెదురుతుంది. వేశాక గరిటె పెట్టకూడదు. కుండను రెండు పక్కలా గుడ్డతో పట్టుకొని అట్ల ఇట్ల తిప్పాల. పది, పన్నెండు నిమిషాలు చాలు. దించి, కొత్తిమీర చల్లి, మూత పెట్టి వదిలేయాల. వేడివేడి రాగి సంగటి ముద్దలో గుంత చేసి ఆ పులుసు పోసుకుంటే... సరే, మీ ఆకలి పెంచను.

ఇంకో మాట. ఈ పులుసు ఆ పొద్దు కంటే తెల్లారి బాగుంటుంది. ఫ్రిజ్జు లేని ఇంట్లో, ఈ ఎండల్లో, మర్నాటికి కూర నిలవాలంటే పులుపు ఎక్కువుండాల, పొద్దున మళ్ళీ ఒకసారి మరిగించుకోవాల. ఒకరోజు దొరికింది రెండు రోజులు తినడానికి పేదోళ్ళు కనిపెట్టిన వంట ఇది. మట్టికుండ కూడా అందుకే. పులుపు అల్యూమినియం గిన్నెను తింటుంది, మట్టిని తినదు.

ఇప్పుడు ఆ కుండలో ఉన్నవాటిని ఒక్కొక్కటీ అడుగుదాం. కుండ మనది. నూనె మన చేలల్లో కూలి చేసిన చేతులది. చింతపండు మన కొండల్లోది, హిందూపురం మార్కెట్‌కు బండ్లకు బండ్లు పోతుంది. మరి చేప ఎవరిది?

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు అవ్వ కుంట నుంచి ఉత్త చేతులతో వచ్చింది. ఊత కూడా లేదు. అడవి కాపలా మనిషి తీసేసుకున్నాడంట. "ఇది రిజర్వు అడవి, చేపలు పడితే కేసు" అన్నాడంట. ఆయన పేరెందుకులే, ఆయనకూ పైనుంచి చెప్పినోళ్ళుంటారు. అవ్వ ఆ పొద్దు ఒకే మాటనింది: "మా యమ్మ కాలం నుంచి పడతాండా గదమ్మే, ఇప్పుడు దొంగనైతినా?"

దొంగ అనే మాట మన ఇండ్లల్లో ఊరికే పలికే మాట కాదు. 1871లో తెల్లదొరలు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి జాతులకు జాతులనే పుట్టుకతో దొంగలన్నారు. తర్వాత దాన్ని మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. ఎరుకలోళ్ళను ఆ పట్టీలో రాశారు. 1952లో దేశమంతా ఆ చట్టం పోయింది. మాట పోలేదు. అందుకే అవ్వ ఎదురు మాట్లాడలేదు. మళ్ళీ కుంటకు పోలేదు. ఆ తర్వాత మా ఇంట్లో పులుసు చేసినప్పుడల్లా అది అంగట్లో కొన్న చేపే. కోస్తా నుంచి ఐసు పెట్టెల్లో వచ్చే బొచ్చె, శీలావతి. బాగానే ఉంటుంది, కాదనను. కానీ ఊత అల్లడం మా అమ్మకు రాదు. నాకు అసలే రాదు. చేప పోయింది, దాంతోపాటు ఒక పని, ఒక తెలివి పోయింది.

ఇప్పుడు చట్టం మాట. అవ్వ చేతిలోంచి ఊత లాక్కున్న నాటికే ఈ దేశంలో అటవీ హక్కుల చట్టం ఉంది. 2006 చట్టం, 2008 జనవరిలో నియమాలొచ్చాయి. దాంట్లో సెక్షన్ 3(1)(డి) చదవండి. సమష్టి హక్కుల్లో ఏం రాశారు? నీటి వనరుల్లోని చేపలు, ఇతర ఉత్పత్తులు, పశువుల మేపు. చేప అనే మాట చట్టంలోనే ఉంది తమ్ముడూ. మనం పోడు పట్టా ఒక్కటే అడిగి ఊరుకున్నాం. చేపను అడగలేదు.

మనకు ఏజెన్సీ లేదు కదక్కా అంటారు. లేదు. అది మన పెద్ద కష్టం. రాయలసీమలో ఒక్క ఎకరం కూడా ఐదో షెడ్యూలు కిందికి రాదు. పెసా చట్టం మనకు వర్తించదు. ఒకటి బై డెబ్బై వర్తించదు. అరకులో, రంపచోడవరంలో గ్రామసభకున్న బలం మన తండాకు, మన ఎరుకల వాడకు లేదు. 2011 లెక్కల్లో ఉమ్మడి అనంతపురం జిల్లాలో మనం వందకు నలుగురం కూడా లేము. ఓట్ల లెక్కలో కనపడం. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి: అటవీ హక్కుల చట్టానికి షెడ్యూలు ప్రాంతంతో పని లేదు. అటవీ భూమి ఎక్కడుంటే అక్కడ అది ఉంటుంది. కదిరి కొండల్లోనూ ఉంటుంది. అడవి లోపలే కాపురం ఉండాలని కూడా లేదు, బతుకుతెరువుకు అడవి మీద ఆధారపడితే చాలని కేంద్ర గిరిజన శాఖే 2008లో వివరణ ఇచ్చింది. ఎస్టీలమైతే 2005 డిసెంబరు 13కు ముందు నుంచి ఉంటే సరిపోతుంది. మూడు తరాల లెక్క చూపించమనేది వేరేవాళ్ళను, మనల్ని కాదు.

మరి సాక్ష్యం? మన దగ్గర కాగితాలేవి? ఇక్కడే నేను పులుసు ఎందుకు ఎత్తుకున్నానో చెప్తా. ఆ నియమాల్లో 13వ నియమం సాక్ష్యాల గురించి. సమష్టి హక్కులకు ఏమేం సాక్ష్యంగా పనికొస్తాయో పట్టీ ఉంది. మేపు బీళ్ళు, గడ్డలు తవ్వుకునే తావులు, నీళ్ళు తెచ్చుకునే తావులు. ఆ పట్టీలో చేపలు పట్టుకునే తావులు కూడా ఉన్నాయి. ఇంకోటి, హక్కు అడిగేవాళ్ళు కాకుండా వేరే పెద్దవాళ్ళు చెప్పింది రాసిపెడితే అదీ సాక్ష్యమే. ఒక్క సాక్ష్యం చాలదు, ఒకటికి మించి చూపించాల.

ఇప్పుడు ఆలోచించండి. మీ అవ్వ పొయ్యి కాడ కూర్చొని ఏం చెప్తుంది? "ఆరుద్రలో ఫలానా కుంట పారేది, దాంట్లో కొర్రమీను. పెద్ద గుండు పక్కనుండే మడుగులో పరిగెలు. ఎండాకాలం కుంట ఇంకేముందు అందరం కలిసి పట్టి పంచుకునేవాళ్ళం. పిల్ల చేపల్ని వదిలేసేవాళ్ళం." మనం దాన్ని వంట కబుర్లు అనుకుంటాం. అది కబుర్లు కాదు. తావు పేరుంది, కాలముంది, ఏ చేపో ఉంది, ఎవరెవరు పట్టేవాళ్ళో ఉంది, ఎట్ల పంచుకునేవాళ్ళో ఉంది. ఫారం-బి నింపేటప్పుడు మనకు కావలసిన మాటలన్నీ అక్కడే ఉన్నాయి. మా అవ్వ పోయి ఆరేళ్ళైంది. ఆమె చెప్పింది నేను ఒక్క ముక్క రాసిపెట్టలేదు. ఎంత మెంతులు వేయాలో మాత్రం గుర్తుంది. ఏ కుంటకు ఏ పేరో సగం మర్చిపోయినా. నాకు కలిగిన నష్టం మీకు కలగకూడదనే ఈరోజు ఇక్కడ నిలబడినా.

కాబట్టి పని చెప్తా. ఈ సెలవుల్లో ఇంటికి పోండి. అవ్వతో కూర్చొని చేపల పులుసు చేయండి. ఫోను రికార్డింగులో పెట్టండి. వంట అడుగుతూ అడుగుతూ మిగతాదీ అడగండి. మీ కాలంలో చేప యాడ పట్టేవాళ్ళు? ఆ తావుకు మనం ఏం పేరు పెట్టుకున్నాం? మన భాషలో ఆ చేప పేరేంది? ఎప్పటి నుంచి ఆపేశారు, ఎవరాపారు? తర్వాత ఆమెను, లేకుంటే ఆమె గుర్తులు చెప్తే మీరే, ఆ తావుకు పోయి ఫొటోలు తీయండి. పక్కూరి పెద్దల దగ్గర కూడా ఇదే అడిగి రాయించి, వేలిముద్రో సంతకమో తీసుకోండి. ఇంట్లో పాత ఊతో, గాలమో, వలో ఉంటే పారేయకండి. అన్నీ కలిపి గ్రామసభ ద్వారా, అటవీ హక్కుల కమిటీ ముందు పెట్టండి. ఆ కమిటీలో మూడో వంతు ఆడవాళ్ళుండాలని నియమం. పేరుకు కూర్చోబెట్టడం కాదు, కుంటల గురించి తెలిసిన ఆడవాళ్ళను కూర్చోబెట్టండి. గ్రామసభ తీర్మానం సబ్ డివిజన్ కమిటీకి, అక్కడి నుంచి జిల్లా కమిటీకి పోతుంది. గ్రామసభ కాదంటే అరవై రోజుల్లో సబ్ డివిజన్ కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు, వాళ్ళూ కాదంటే మళ్ళీ అరవై రోజుల్లో జిల్లా కమిటీకి. కాదన్నారని ఇంట్లో కూర్చోకండి.

ఇది కొండమీది కుంటల సంగతి. ఊరి చెరువు వేరే. దానికి అటవీ చట్టం పనిచేయదు, అబద్ధం చెప్పి మిమ్మల్ని ఉత్సాహపెట్టను. ఊరి చెరువుల్లో చేపలు లీజుకు పోతాయి. మొదటి అవకాశం మత్స్యకార సహకార సంఘాలది. బెస్తన్నల మీద మనకు పగ లేదు. వాళ్ళదీ నీళ్ళ మీద బతుకే, వాళ్ళదీ చితికిన బతుకే. చాలా తావుల్లో సంఘం పేరు ఒకరిది, పెట్టుబడి ఇంకొకరిది, చేప లారీలో పోయేది మరొకరికి. కాబట్టి కొట్లాట బెస్తోళ్ళతో కాదు. వాళ్ళతో కలిసి అడగాల్సింది. మనవాళ్ళు చేపలు పట్టి బతుకుతున్న చోట సంఘంలో సభ్యత్వం అడగాల, లేకుంటే గిరిజన మత్స్యకార సంఘం పెట్టుకోవాల. 2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఎస్టీలకు, ఎస్సీలకు, ఆడవాళ్ళకు యూనిట్ ఖర్చులో 60 శాతం దాకా సబ్సిడీ ఉంది, మిగతావాళ్ళకు 40. కాగితం మీద ఉన్నదాన్ని అడిగి తెచ్చుకోవాల.

ఇప్పుడే ఎందుకు అంటే, ఇప్పుడే నీళ్ళొస్తున్నాయి కాబట్టి. హంద్రీ-నీవా కాలువలో శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్ళు 2012లో జీడిపల్లికి వచ్చాయి. అక్కడి నుంచి గొల్లపల్లికి, చెర్లోపల్లికి. ఎండిన చెరువులు కొన్ని నిండుతున్నాయి. మంచిదే. కానీ చూడండి, చెరువు ఎండినప్పుడు అది అందరిదీ. కంప కొట్టుకోవచ్చు, గొర్రెలు తోలుకోవచ్చు. నీళ్ళొచ్చిన మరుసటి రోజు దానికి లెక్క వస్తుంది, లీజు వస్తుంది, కాపలా వస్తుంది. అప్పటికి మన పేరు ఏ కాగితంలోనూ లేకుంటే మనం గట్టుమీద నిలబడి చూసేవాళ్ళమే.

పేరు లేకపోవడం పాత సంగతే. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి చెరువు శాసనముంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడని రాసుకున్నారు. రెండేళ్ళు, రోజుకు వెయ్యి మంది కూలీలు పనిచేశారని కూడా రాశారు. వెయ్యి మంది అని లెక్క ఉంది. వాళ్ళ పేర్లు లేవు. నెల్లూరు చేపల పులుసుకు దేశమంతా పేరుంది, దాంట్లో మామిడికాయ వేస్తారని అందరికీ తెలుసు. ఆ వాగుల్లో, కాలువల్లో చేపలు పట్టిన యానాదుల పేరు ఏ హోటలు బోర్డు మీదైనా చూశారా? రాతిమీద రాయించుకునే శక్తి మనకు లేదు. నోటు పుస్తకంలో రాసుకునే చదువు మీకొచ్చింది. మీ అవ్వకు లేనిది మీకున్నది అదొక్కటే. మీకు లేనివన్నీ ఆమె దగ్గరున్నాయి.

అంతే. పులుసు లెక్క మర్చిపోతే మళ్ళీ అడగండి, చెప్తా. కుంట పేరు మాత్రం నన్నడగొద్దు, మీ అవ్వనే అడగండి. ఈ పండక్కే అడగండి, వచ్చే పండక్కి అని వాయిదా వేయకండి.

జై ఆదివాసీ. పోదాం పదండి, అన్నం తిందాం.